తాగుడు మానేశాను, అమ్మ పోయింది, ఇప్పుడు పొద్దున లేవాలంటేనే భయం. ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. లివర్ దెబ్బతింటోందని డాక్టర్ హెచ్చరించడంతో నాలుగు నెలల క్రితం తాగుడు మానేశారు. అమ్మకు మాటిచ్చి మరీ మానేశారు. రెండు నెలల క్రితం ఆవిడ పోయారు. అప్పటి నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ, గుండెల్లో గుబులు. ఆకలి లేదు, పనిమీద ధ్యాస లేదు. స్నేహితుడిచ్చిన నిద్రమాత్రలు వేసుకుంటున్నారు. రెండు వారాల క్రితం ఒక రాత్రి తాగి, ఇంట్లో చెప్పకుండా దాచారు. అందరూ "ధైర్యంగా ఉండు" అంటున్నారు. "అది కొందరికి పుట్టుకతోనే వస్తుందా? నాలో లేనట్టేనా?" అని అడిగారు. చివర్లో, పదమూడేళ్ల అబ్బాయికి ఇవన్నీ చెప్పాలా వద్దా అని కూడా.

వ్యసన చికిత్స వార్డులో నర్సుగా మొదలుపెట్టి తర్వాత కౌన్సెలింగ్ వైపు వచ్చాను. చాలా ఏళ్లుగా నా పని ఇదే. అందుకే ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ధైర్యం ముందు వచ్చి, పని తర్వాత జరగడం నేను చాలా అరుదుగా చూశాను. మనుషులు వణుకుతూనే ఒక పని చేస్తారు. మర్నాడు మళ్లీ చేస్తారు. కొన్నాళ్లకు చుట్టుపక్కలవాళ్లు దానికి ధైర్యం అని పేరు పెడతారు. చేసిన మనిషిని అడిగి చూడండి, "నాకెక్కడిది ధైర్యం, భయంతో చచ్చాను" అంటాడు. కాబట్టి మీలో అది లేదని తేల్చేసుకోకండి.

ఇంకో సంగతి ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. మీరు రాసినవాటిలో సగం అసలు ధైర్యం లెక్కలోకే రావు. అవి జబ్బు లక్షణాలు, వాటికి చికిత్స ఉంది. జ్వరంతో పడుకున్న మనిషిని "కాస్త ధైర్యం తెచ్చుకుని జ్వరం తగ్గించుకో" అని ఎవరూ అనరు కదా.

మిగతావాటికన్నా ముందు ఒక వాక్యం గురించి మాట్లాడాలి. "నేను ఉండి ఎవరికి ఉపయోగం అనిపిస్తుంది" అని మధ్యలో రాసి దాటేశారు. నేను దాటలేను. అది అలసటతో వచ్చిన మాట కావచ్చు, చనిపోవాలన్న ఆలోచన కావచ్చు. ఆ తేడా మీకే తెలుస్తుంది. ఎలా, ఎప్పుడు అని మనసు లెక్కలు వేస్తుంటే చదవడం ఇక్కడే ఆపేయండి. ఇంట్లో ఉన్న మనిషిని లేపి చెప్పండి, లేదా మీరున్నచోట పనిచేసే ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, లేదా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆలోచన అంత దూరం పోకపోయినా, ఇంట్లో నిల్వ ఉన్న మాత్రలు, విషపదార్థాలు కొన్నాళ్లు వేరేవాళ్ల దగ్గర పెట్టించండి. చనిపోవాలన్న ఉధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు చేతికి ఏదీ అందకపోతే మనిషి బతుకుతాడు. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ పోయాక, 1995 తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సగం కంటే తక్కువకు పడిపోయింది. అక్కడి జనానికి ఉన్నట్టుండి గుండె నిబ్బరం పెరగలేదు, చేతికందేది మారింది.

ఇక పుట్టుకతో వస్తుందా అన్న ప్రశ్న. స్టాన్లీ రాక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త భయం మీద చాలాకాలం పనిచేశారు. బాంబులను నిర్వీర్యం చేసే సైనికులను కూడా పరిశీలించారు. భయంలో మూడు ఉన్నాయంటారాయన: లోపల అనిపించేది ఒకటి, గుండెదడ, చెమటలు పట్టడంలాంటి ఒంటి మార్పులు ఇంకొకటి, మనిషి చేసే పని మూడోది. ఈ మూడూ ఎప్పుడూ కలిసే నడవాలని లేదు. గుండె దడదడలాడుతున్నా చేయి తన పని చేసుకుపోగలదు. భయం ఉండీ పని ఆపకపోవడాన్నే ఆయన ధైర్యం అన్నారు. ఆ సైనికుల్లో నమ్మకం పెంచింది కూడా శిక్షణ, సాధనే. మీరేమో మొదటిది తగ్గాక మూడోది మొదలుపెడదామని చూస్తున్నారు. "ఈ గుబులు కాస్త పోయాక డాక్టర్ దగ్గరకు వెళ్తా, కుదుటపడ్డాక మా ఆవిడకు చెప్తా" అని రాశారు. ఆ వరుసలో అయితే చాలాకాలం కూర్చోవాల్సి వస్తుంది.

ఇప్పుడు జబ్బు సంగతి. మీలో రెండు మూడు విషయాలు కలగాపులగంగా ఉన్నట్టున్నాయి. వాటిని విడదీయడం డాక్టర్ పని, అయినా మీకు తెలిసి ఉంటే అడగడం తేలిక.

బాగా తాగే రోజుల్లో పట్టుకునే దిగులు, తాగుడు మానేశాక మూడు నాలుగు వారాల్లో చాలామందికి దానంతటదే తేలికపడుతుంది. మీరు మానేసి నాలుగు నెలలైంది, దిగులేమో రెండు నెలల క్రితం మొదలైంది. కాబట్టి "మందు మానేసినందుకే ఇలా ఉంది" అన్న మీ అన్నయ్యగారి మాట నాకు నప్పడం లేదు. నిద్ర ఒక్కటీ వేరు లెక్క. మానేసి నెలలు గడిచినా నిద్ర కుదురుకోకపోవడం మామూలే, దాన్ని చూసి భయపడకండి.

కానీ తెల్లవారకముందే మెలకువ రావడం, పొద్దునపూట భారం ఎక్కువగా ఉండి సాయంత్రానికి కాస్త తెరిపినివ్వడం, ఆకలి చచ్చిపోవడం, ఇదివరకు ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, ఇవి రెండు వారాలు దాటి దాదాపు రోజూ ఉంటే డాక్టర్లు డిప్రెషన్ గురించి ఆలోచిస్తారు. థైరాయిడ్ తేడా, బీ12 లోపం, రక్తహీనత కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి, రక్తపరీక్ష చేయమని మీరే అడగండి. డిప్రెషన్‌కు మందు రాస్తే ఒకటి గుర్తుంచుకోండి: అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. దుష్ప్రభావాలేమో మొదటి వారంలోనే వస్తాయి. వికారం, ఇంకాస్త టెన్షన్. "మందు పడలేదు" అని చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. అలా కాకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు.

నిద్రమాత్రల మీద నాకు నిజంగానే కోపం వచ్చింది, మీ మీద కాదు, మాత్ర చేతిలో పెట్టిన స్నేహితుడి మీద. లివర్ బాగాలేనప్పుడు కొన్ని నిద్రమాత్రలు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి. తాగిన రాత్రి అదే మాత్ర వేసుకుంటే ఊపిరి మందగించవచ్చు. పైగా వాటికీ అలవాటు పడతారు. రోజూ వేసుకోవడం మొదలై వారాలు దాటితే ఉన్నట్టుండి ఆపకండి, అట్ట తీసుకెళ్లి చూపించి డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకోండి.

ఇక ఆ రాత్రి గురించి. "నాలుగు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది" అన్నారు. కాలేదు. ఆ నాలుగు నెలలు మీ లివర్‌కు విశ్రాంతి దక్కింది, దాన్నెవరూ వెనక్కి తీసుకోలేరు. వ్యసనంలో మళ్లీ జారడం మీద ఎక్కువ పనిచేసినవాళ్లలో అలాన్ మార్లాట్ ఒకరు. ఆయన గమనించింది నేను వార్డులో ఎన్నోసార్లు చూశాను. ఒక్క గ్లాసు పడగానే "అయిపోయింది, నేనింతే" అన్న ఆలోచన వస్తుంది. రెండో గ్లాసు పోసేది ఆ ఆలోచనే. మందు పాత్ర అందులో సగమే, మిగతా సగం సిగ్గుది. మీరు ఒక రాత్రి దగ్గర ఆగారు, రెండు వారాలుగా తాగలేదు. ఎలా ఆగగలిగారో రాయలేదు. నాకు అన్నిటికన్నా తెలుసుకోవాలని ఉన్నది అదే. అలాగని "ఒక్కరాత్రేగా" అని తేలిగ్గా తీసుకోమని కాదు, మీ లివర్ ఉన్న స్థితిలో సురక్షితమైన గ్లాసు అంటూ లేదు.

దాచడమే ఇప్పుడు మీకున్న పెద్ద ప్రమాదం. నా దగ్గరకు వచ్చిన ఒక ఉపాధ్యాయుడు ఇలాగే ఒకసారి జారి, చెప్పలేక దాచారు. దాచినందుకు కుంగిపోయి మళ్లీ తాగారు. భార్యకు తెలిశాక ఆవిడ నాతో అన్న మాట: "తాగినందుకు కాదమ్మా, నన్ను పరాయిదాన్ని చేసినందుకు బాధ." తర్వాత ఇద్దరూ ఒక సంకేతం పెట్టుకున్నారు. తాగాలని బలంగా అనిపించిన రోజు ఆయన "ఈరోజు కాస్త ఉక్కగా ఉంది" అంటారు, అంతే. ఆవిడ ఎందుకు, ఏమిటి అని అడగరు, చెప్పులేసుకుని ఆయనతో నడకకు బయల్దేరతారు. వివరంగా చెప్పుకునే ఓపిక లేని మనిషికి కూడా ఒక వాక్యం అనే ఓపిక ఉంటుంది.

మీ ఆవిడకు చెప్పడానికి మాటలు దొరకడం లేదన్నారు. ఇవి తీసుకోండి: "రెండు వారాల క్రితం ఒక రాత్రి తాగాను. ఆ తర్వాత తాగలేదు. మళ్లీ తాగుతానేమోనని భయంగా ఉంది. తిట్టాలంటే తిట్టు, కానీ డాక్టర్ దగ్గరకు మాత్రం నాతో రా." కారణాలు, క్షమాపణలు, ఒట్లు ఏవీ కలపకండి. ముఖ్యంగా ఒట్లు. ఆవిడ ఇప్పటికే చాలా విని ఉంటారు.

ఒకప్పుడు ఒక మనిషి చేసిన ఫోన్ కాల్ గురించి మా గ్రూపుల్లో తరచూ చెప్తుంటాం. 1935 మే నెలలో, తాగుడు మానేసి కొన్ని నెలలే అయిన బిల్ విల్సన్ అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో హోటల్‌లో ఒంటరిగా ఉన్నారు. వచ్చిన వ్యాపారం చెడింది. పక్కనే బార్. లోపలికి పోతానేమోనని భయం పుట్టి, తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని వరుసగా ఫోన్లు చేశారు. అలా పరిచయమైనవారే డాక్టర్ బాబ్ స్మిత్. ఆ ఇద్దరి మాటల నుంచే, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ పుట్టింది. అందులో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది: బిల్‌ను కలిసిన కొద్ది వారాలకే డాక్టర్ బాబ్ మళ్లీ తాగారు. ఆయన ఆఖరి గ్లాసు జూన్ 10న. ఆ సంస్థ పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకుంటారు. ఆ గ్రూపుల పద్ధతి, అందులోని దేవుడి ప్రస్తావన అందరికీ నచ్చదు, నచ్చకపోతే వేరే గ్రూపులున్నాయి. కానీ ఫోన్ చేయగల ఒక మనిషి మాత్రం ఉండి తీరాలి.

సాయంత్రం పూట వచ్చే తహతహ గురించి అడిగారు. దానికి లొంగకపోతే చాలాసార్లు అరగంటలోపే పెరిగి, తారస్థాయికి చేరి, తగ్గుతుంది. తగ్గుతుందని ఒకసారి కళ్లారా చూసినవాళ్లకు రెండోసారి అంత భయం ఉండదు. దాంతో పోట్లాడకండి. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో, నోట్లోనా, ఛాతీలోనా, చేతుల్లోనా, గమనిస్తూ ఊపిరి పీల్చండి. ఆలోగా ఏదైనా తినండి, ఉన్నచోటి నుంచి కదలండి, ఎవరికైనా ఫోన్ చేయండి. ఖాళీ కడుపు, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి చాలాసార్లు దాని వెనక ఉంటుంది. మీకు ప్రస్తుతం నాలుగూ ఉన్నాయి.

తాగుడుకు దూరంగా ఉండటానికి సాయపడే మందులు కూడా ఉన్నాయి. లివర్ దెబ్బతిన్నవాళ్లకు డైసల్ఫిరామ్ (ఇది వేసుకుని తాగితే ఒళ్లు తిరగబడుతుంది) సాధారణంగా ఇవ్వరు, నాల్ట్రెక్సోన్ విషయంలోనూ జాగ్రత్తపడతారు. అకాంప్రోసేట్‌కు లివర్‌తో పెద్దగా పని ఉండదు, కిడ్నీలు బాగుండాలి. బాక్లోఫెన్ కూడా లివర్ రోగుల్లో వాడతారు. ఏది మీకు సరిపోతుందో రిపోర్టులు చూసిన డాక్టరే చెప్పాలి. ఇంట్లోవాళ్లకు ఒక హెచ్చరిక: డైసల్ఫిరామ్‌ను చెప్పకుండా అన్నంలో కలిపి పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. తెలియక ఆ మనిషి తాగితే ప్రాణం మీదికి రావచ్చు.

ఇంకో చోట ధైర్యం ప్రమాదకరం. ఒకవేళ మళ్లీ రోజూ తాగే స్థితికి వెళ్తే, గది తలుపేసుకుని పంతం పట్టి ఒక్కసారిగా మానేయకండి. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. చికిత్స లేకపోతే మనుషులు చనిపోతారు కూడా. ఆసుపత్రిలో అయితే లోరాజెపామ్‌లాంటి మందులు తగిన మోతాదులో ఇచ్చి తగ్గిస్తారు, మెదడు దెబ్బతినకుండా థయమిన్ (విటమిన్ బి1) ఇస్తారు. ఇక్కడ నాకు నచ్చే మనిషి "నావల్ల కాదు, చేర్చుకోండి" అనేవాడు.

అమ్మగారి గురించి. దుఃఖానికి ఐదు దశలుంటాయని, మీరింకా మొదటిదాంట్లోనే ఇరుక్కున్నారని ఎవరో అన్నారట. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మనోవైద్యురాలు 1969లో ఆ దశలను రాసింది మరణం అంచున ఉన్న రోగులను చూసి. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లందరూ వరుసగా ఎక్కాల్సిన మెట్లు కావవి. నాకు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పిన పద్ధతి ఎక్కువ నిజమనిపిస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపుల మధ్య ఊగుతుంటాడు: కాసేపు పోయినవాళ్ల తలపుల్లో మునుగుతాడు, కాసేపు బిల్లులు కట్టడం, పనికి వెళ్లడంలాంటి బతుకు పనుల్లో పడతాడు. ఊగడమే ఆరోగ్యం. ఒక పూట నవ్వొస్తే అమ్మను మరిచిపోయినట్టు కాదు. రెండు నెలలకు ఏడుపు ఆగలేదని ఎవరైనా అంటే, ఆగాలని రూలు లేదని చెప్పండి. నేను చూసేది వేరే: అలలా వచ్చి తగ్గుతూ, అమ్మ గుర్తొచ్చినప్పుడు పొంగేది దుఃఖం. ఎప్పుడూ ఒకేలా ఉండి, "నేను పనికిరాను" అని మీ మీదికే మళ్లేది డిప్రెషన్ వైపు. రెండూ ఒకరిలోనే ఉండొచ్చు.

ఎవరి కోసం మానేశామో వాళ్లు పోతే, మానడానికి కారణమే పోయినట్టు అనిపిస్తుంది. మీ ఉత్తరంలో ఆ మాట లేదు గానీ వాక్యాల వెనక ఉంది. కొత్త కారణం ఇప్పుడే గొప్పగా దొరకాలని వెతక్కండి. "లివర్ రిపోర్టు వచ్చే నెల కాస్త మెరుగ్గా రావాలి" అన్నంత చిన్నదైనా సరిపోతుంది.

కిడ్నీలు పాడై డయాలసిస్‌కు వెళ్లే ఒకావిడ దిగులుతో నా దగ్గరకు వచ్చేవారు. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు. ఆవిడ పద్ధతి నేను ఇప్పటికీ అందరికీ చెప్తాను. "జీవితాంతం అనుకుంటే మంచం దిగలేను. అందుకే గుమ్మం దాకా వెళ్లి, అక్కడ నిలబడి నిర్ణయించుకుంటా, లోపలికి వెళ్లాలా వెనక్కి రావాలా అని." గుమ్మం దాకా వచ్చాక వెనక్కి వెళ్లింది లేదు. డిప్రెషన్ చికిత్సలో పీటర్ లెవిన్సన్‌లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970ల నుంచి చెప్తున్నదీ ఈ దారే: మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, ముందు చిన్న పని పెట్టుకుని చేస్తే మనసు దాని వెనక వస్తుంది. మీకైతే ఈ వారానికి నేను చెప్పేవి రెండే. మీ ఆవిడకు ఆ నాలుగు వాక్యాలు చెప్పడం, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవడం. ఫోన్ చేయలేకపోతే ఆవిడనే చేయమనండి. నడక, ధ్యానం, డైరీ అన్నీ మంచివే, తర్వాత చూసుకోవచ్చు. సంకల్పబలం గురించి వీడియోలు మాత్రం కొన్నాళ్లు చూడకండి. ఒంట్లో బాగాలేనప్పుడు అవి తిట్లలా వినపడతాయి.

"ధైర్యంగా ఉండు" అనేవాళ్లతో ఏమనాలి? వాళ్లకూ ఏం చేయాలో తోచక అంటారు. ఒక పని అప్పగించండి. "సాయంత్రం ఏడింటికి రోజూ ఒకసారి ఫోన్ చెయ్యి, మామూలు కబుర్లు చాలు." చేసేవాళ్లు చేస్తారు, మిగతావాళ్లు సలహాలు తగ్గిస్తారు.

చివరిగా అబ్బాయి. పదమూడేళ్లవాడికి ఇంట్లో ఏదో జరుగుతోందని ఇప్పటికే తెలుసు, పేరొక్కటే తెలియదు. పేరు చెప్పకపోతే పిల్లలు తమవల్లే అనుకుంటారు, మార్కులు తగ్గినందుకో, ఎదురు మాట్లాడినందుకో. ముందు మీ ఆవిడకు చెప్పండి, వాడికి తర్వాత, ఇద్దరూ పక్కనుండగా. పొడుగ్గా వద్దు. "నానమ్మ పోయాక నాకు మనసు బాగాలేదు. తాగుడు మానడం కూడా కష్టంగా ఉంది. డాక్టర్‌కు చూపించుకుంటున్నా. ఇది నీవల్ల కాదు, నన్ను కాపలా కాయడం నీ పని కాదు. ఏది అడగాలనిపించినా అడుగు." వాడు ఏమీ అడక్కుండా ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోవచ్చు. ఆ వయసువాళ్లు వారం తర్వాత, మీరు వేరే పనిలో ఉన్నప్పుడు అడుగుతారు. అప్పుడు చేతిలో పని పక్కన పెట్టండి.